కారు మోసిన గంగులు

అనగనగా... అంటే మరీ అంత అనగనగా కాదులే, మోటార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక ఊళ్ళో ఒక రాజుగారుండేవాడు. ఆయన కాలు కింద పెట్టడు. పెరట్లోకి వెళ్ళాలన్నా పల్లకీయే. ఆ పల్లకీని మోసేది నలుగురు బోయీలు, గంగులూ అతని ముగ్గురు కొడుకులూ. మోసి మోసి గంగులు భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. ఆ కాయ అందరికీ కనపడాలని, పెళ్ళికెళ్ళినా చొక్కా వేసుకునేవాడు కాదు. ఒరే చంటీ, దుప్పటి మొత్తం నువ్వే లాక్కోకు, అక్కకీ ఉంచు.

ఇలా ఉండగా రాజుగారు మోటారు కారు కొన్నాడు. కొన్నాడు సరే, ఆ కోటలో ఒక ఆచారముంది. కోట గుమ్మం దాటేదాకా రాజుగారి వాహనం నేలకి తగలకూడదు. మరి కారు చక్రాలు నేల మీదే కదా ఉంటాయి! మంత్రులందరూ గడ్డాలు నిమురుకుంటుంటే గంగులు రొమ్ము విరుచుకుని ముందుకొచ్చి, మేముండగా తమకి దిగులేమిటి ప్రభూ అన్నాడట. అని, చుట్టాలందర్నీ పిలుచుకొచ్చి, కారు కింద వెదురుబొంగులు దూర్చి, ఇరవైమందీ కలిసి దాన్ని భుజానికెత్తారు. లోపల రాజుగారు, ముందు డ్రైవరు. డ్రైవరు ఊరికే కూర్చోలేక చక్రం తిప్పుతున్నాడు, హారను కొడుతున్నాడు. కింద వీళ్ళేమో ఓహోం, ఓహోం. నవ్వింది చాలు, ఊ కొట్టండి!

గుమ్మం దాటాక దింపారు. డ్రైవరు ఇంజను తిప్పాడు. బుర్రుమంది, గంగులు మొహాన ఇంత పొగ కొట్టింది, కారు వెళ్ళిపోయింది. తన పొట్ట కొట్టేదాన్ని తనే భుజాన మోసి గుమ్మం దాటించాడు, వెర్రిబాగులాడు! మర్నాటి నుంచి కోటనుంచి రావలసిన ధాన్యం ఆగిపోయింది.

రాజుకి మోటారొచ్చె, మోటారుకి పొగొచ్చె, పొగకి దగ్గొచ్చె, దగ్గుకి వైద్యుడొచ్చె, వైద్యుడికి జీతమొచ్చె, గంగులుకి మాత్రం గింజ రాకపోయె!

కోటలో చోటు లేదని పల్లకీని కూడా తెచ్చి గంగులు వాకిట్లో పడేశారు. ఇంట్లో గాదె అడుగు కనపడుతోంది. అయినా ఆయనగారు పొద్దున్నే లేచి, పల్లకీ కొమ్ములకి నూనె రాసి, ఇత్తడి తోమి, అరుగు మీద కూర్చునేవాడు. మోటారనేది నాలుగు రోజుల ముచ్చట, మనకి పిలుపొస్తుంది చూడండి అనేవాడు. మీ తాతయ్యా అంతే కదూ! కంప్యూటర్లొచ్చి టైపు నేర్చుకునేవాళ్ళే లేకపోయాక కూడా నాలుగేళ్ళు తన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఆ మిషన్లకి నూనె వేసుకుంటూ కూర్చున్నారు. పక్కగదిలో వింటున్నారేమో, విననీండి.

గంగులు పెద్దకోడలు మంగతాయి. ఏటి ఒడ్డు పిల్ల, నోరూ చురుకే, బుర్రా చురుకే. ఇంకేదైనా పని చూసుకోండి మావయ్యా అని పోరింది. సరేనని బయల్దేరారు. కానీ వీళ్ళకి ఏ పనైనా నలుగురూ కలిసి, ఒకే అడుగు మీద చెయ్యడమే అలవాటు. దున్నమంటే నాలుగు నాగళ్ళూ ఒకదాని వెనక ఒకటి ఒకే చాలులో తోలారు. సాయంత్రానికి చేనంతా ఎక్కడిదక్కడే ఉంది, మధ్యలో మాత్రం ఒక కాలవ తయారైంది. ఆసామి కర్ర పుచ్చుకుని తరిమాడు. పెరుగు అమ్ముకు రమ్మంటే, ఒక్క కుండని బొంగుకి కట్టి నలుగురూ మోశారు. మోసి, అలవాటు చొప్పున తప్పుకోండి, తప్పుకోండి అని అరుచుకుంటూ పోయారు. కొందామని వచ్చినవాళ్ళంతా తప్పుకున్నారు. ఇంకెవరు కొంటారు?

కుండ తిరిగి ఇంటికొచ్చింది. మంగతాయి మూత తీస్తే లోపల పెరుగు లేదు. మజ్జిగుంది, పైన వెన్నముద్ద తేలుతోంది. చుక్క కింద పడలేదు, దారంతా కుండలో చిలుకుడే! అప్పుడు తట్టింది ఆ పిల్లకి. పుట్టింటి దగ్గర ఏట్లో చేపపిల్లల్ని పట్టి, కుండల్లో పోసి, మెరక ఊళ్ళ చెరువుల్లో పెంచుకోవడానికి అమ్ముతారు. కుండలో నీళ్ళు కదులుతుంటేనే అవి బతుకుతాయి. నిలిచాయా, ఊపిరాడక తేలిపోతాయి. బండి మీద వేస్తే కుదుపులకి నీళ్ళన్నీ ఒలికిపోతాయి. మా మావయ్య నడకలో నీళ్ళు కదలక మానవు, ఒలకనూ ఒలకవు అనుకుంది.

ఆ మాట చెప్పగానే గంగులు అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. రాజుని మోసిన భుజమ్మీద చేపలు మొయ్యాలా అని గెంతాడు. మంగతాయి తక్కువ తిందా?

"కారెక్కినప్పుడు ఆ రాజుగారు ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూశారా మావయ్యా?" అంది.

చూడలేదు మరి. గంగులు అరుగు మీదికి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. రాజు పల్లకీ వదిలేస్తే తనెవడు? భుజమ్మీద కాయ ఉన్న ఒట్టి ముసలాడు. అదీ అతని భయం. భయమేస్తుందర్రా, పెద్దవాళ్ళకీ వేస్తుంది. కానీ మర్నాడు మనవరాలు ఇంకాస్త గంజి పొయ్యమని ఏడిస్తే, ఇంట్లో గంజి లేదు. లేచి వెళ్ళి పల్లకీ దులిపాడు.

పల్లకీలో ఆరు కుండలు సర్ది, ఎండ తగలకుండా పరదాలు దింపారు. మొదటి ఊళ్ళో కరణంగారు, రాజుగారే వేంచేశారనుకుని దుమ్ములో సాష్టాంగపడ్డాడు. లేచి పరదా తీసి చూస్తే చేపపిల్లలు! పెట్టిన దండం వెనక్కి తీసుకోలేడు కదా, ఆ ఊరి చెరువు కోసమే రప్పించానని బింకంగా చెప్పి అన్నీ కొన్నాడు. అక్కణ్ణుంచి ఊరూరా కబురందింది. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

ఒకనాడు మిట్టమధ్యాహ్నం, రాళ్ళబాటలో రాజుగారి కారు ఆగిపోయింది. డ్రైవరు ఎంత తిప్పినా కదల్లేదు. ఎదర పల్లకీ కనపడేసరికి రాజుగారికి ప్రాణం లేచొచ్చి, దింపండ్రా అని కేకేశాడు. ఆ కేక వినగానే గంగులు మోకాళ్ళు వాటంతటవే వంగాయి. ముప్ఫై ఏళ్ళ అలవాటు! పల్లకీ ఆగింది. కుండల్లో నీళ్ళు నిలిచాయి. చేపపిల్లలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. కొడుకులు తండ్రి వంక చూస్తున్నారు. గంగులు రాజుగార్ని చూశాడు, కుండల్ని చూశాడు, మోకాళ్ళు నిటారు చేశాడు.

"ఆగితే ఇవి చస్తాయి ప్రభూ. తమరికి ఆగినా ఏం కాదు. ఊరు రెండు కోసులే, వెనకాలే నడిచి రండి," అన్నాడు.

ఏం చేస్తాడు, నడిచాడు! పది అడుగులకి రాయి తగిలింది, ఇరవై అడుగులకి ముల్లు దిగింది. ముందు రాయి, ఎడమన గుంట అని గంగులు చెబుతూనే ఉన్నాడు, పాపం, ఆయన కోసమే. ఊరు చేరాక రాజుగారు గట్టు మీద కూలబడి రొప్పుతూ, మళ్ళీ కోటకి వచ్చెయ్యి, ధాన్యం రెట్టింపు ఇస్తానన్నాడట. గంగులు చేతులు జోడించి, రేపు రెండూళ్ళకి పోవాలి, తీరదు ప్రభూ అన్నాడు. అని, ఆగకుండా చెరువు దగ్గరికి వెళ్ళిపోయాడు.

రాజుగారు మాత్రం కోటకెళ్ళి, ఆరోగ్యం కోసం నడిచొచ్చానని చెప్పుకున్నాడట, సిగ్గులేకపోతే సరి! గంగులు ఇంట్లో గాదె నిండింది, మనవరాలు పొట్ట నిండింది, కోడలి మాటకి విలువొచ్చింది. మోసే బరువు మారినంత మాత్రాన భుజం చిన్నబోదర్రా, అది గుర్తుపెట్టుకోండి. కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.