గుంతల మద్దిలేటికి పిడికెడు మన్ను

రాళ్ళకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, ఒకానొక ఊరు. ఊ కొట్టండి. కొట్టకపోతే లేచిపోతా, నాకు చానా పనుంది.

ఆ ఊరి పేరు నల్లగట్టు. ఎప్పుడో నేల కడుపు పగిలి, నిప్పు గంజి మాదిరి పొంగి, పొర్లి, ఆరి రాయైందంట. ఆ నల్లరాయి మీద ఊరు. ఎండకు రాయి పెచ్చులూడి, గాలికి దుమ్ము వచ్చి చేరి, వేల ఏండ్లకు ఎంత మన్ను అయిందనుకున్నారు? జానెడు! పైన గులకరాళ్ళు, నడుమ జానెడు మన్ను, కింద నల్లరాయి. కొన్ని చోట్ల మన్నుకూ రాయికీ నడుమ సున్నం పోసినట్టు తెల్లటి గట్టి పొర గూడా ఉండేది. వాన పడితే పైమన్ను పెంకు కట్టి నీళ్ళు జారిపోయేవి. ఇంకిన కాసిని నీళ్ళు మూడు రోజుల్లో ఆవిరైపోయేవి. కొర్ర చల్లితే జానెడు లేచేది, వేరు పోయి రాయికి తగిలేది, తల వాల్చేది. అయినా ఆ జనానికి ఆ నేలంటే పిచ్చి ప్రేమ.

ఆ ఊర్లో మద్దిలేటి అని ఒకడుండేవాడు. చచ్చినోళ్ళకు గుంతలు తవ్వడం వాని పని. మంచోడు నాయనా, చానా మంచోడు. ఎవరు పిలిచి పెడితే వాళ్ళింట్లో తినేవాడు. కానీ ఎవరినైనా కాస్త పారజూసినాడంటే చాలు, "ఏరా, నా పొడవు కొలుస్తాండావా?" అని ముసలోళ్ళు మొత్తుకునేవాళ్ళు. "నీ కొలత ఎప్పుడో తీసినా పెద్దమ్మా, ఇంగ నిమ్మళంగా ఉండు" అని వాడు పండ్లన్నీ కనపడేట్టు నవ్వేవాడు.

జానెడు మన్నులో గుంత ఎట్లా తవ్వుతాడని అడగరేం? ఊరి కింద ఒక వంపు ఉండేది. గట్ల మీది మన్ను వానకు కొట్టుకొచ్చి, తరతరాలుగా ఆ వంపులో చేరింది. ఊరంతటికీ అక్కడొక్కచోటే మనిషి లోతు మన్ను. గుంత దిగేది అక్కడే గదా అని, పెద్దలు దాన్నే వల్లకాడు చేసినారు. బతికినోళ్ళకు జానెడు, చచ్చినోళ్ళకు నిలువెత్తు! అది తప్పని ఎవరికీ తోచలా.

ఒక ఏడు వానలు అరకొరగా పడినాయి. గాదెల్లోది తిన్నారు. రెండో ఏడూ అంతే. గడ్డి లేక ఎద్దులు పోయినాయి. మూడో ఏడూ అంతే. ఊరంతటికీ ఒక్క కుండెడు కొర్రవిత్తనం మిగిలింది. అది చల్లి ఎండిపోతే ఇంగ ఏమీ లేదు. ఊరి పెద్ద కంబగిరి రెడ్డి అందరినీ పిలిచినాడు.

"ఈ కుండ దారిలో వండుకుందాం. ఊరిడిచి పోదాం."

ఏడ్చినారు. అయినా సరే అన్నారు. రెడ్డి తల్లి హనుమక్క మాత్రం, "నేను రాను పోండి" అంది. అన్నట్టే రెండోనాడు కన్ను మూసింది. ఆమెను మన్ను చేసి బయల్దేరుదామనుకున్నారు.

పాడె వల్లకాడికి వచ్చింది. చూస్తే మద్దిలేటి ఛాతీ లోతు గుంతలో నిలబడి ఉన్నాడు. పైకి రాడు.

"రారా పైకి!" అన్నాడు రెడ్డి.

"రాను రెడ్డీ. ముందు ఈ మన్ను పిండు."

రెడ్డి పిండినాడు. మన్ను ముద్ద కట్టింది. అరచెయ్యి తడిసింది. నడి వైశాఖంలో తడి!

"ఈ మన్ను మీ అమ్మకు ఇయ్యను. విత్తనానికి ఇయ్యి."

అయ్యో అయ్యో అని ఆడోళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. రెడ్డి కట్టె ఎత్తినాడు.

"మా అమ్మను దిక్కులేనిదాన్ని చేస్తావా?"

"కొట్టు, కానీ ముందు నా గడ్డపార తీసుకొని పో. ఊర్లో నీ ఇష్టమొచ్చిన మూడు చోట్ల దింపు. ఒక్కచోట మోచేతి లోతు దిగినా, నా నోరు మూసుకొని ఈడనే పూడుస్తా."

రెడ్డి విసురుగా పోయినాడు. తన చేన్లో దింపినాడు, ఠంగ్! తన అన్న చేన్లో దింపినాడు, ఠంగ్! మిట్ట కాడ దింపినాడు, ఠంగ్! చేతులు బొబ్బలెక్కి తిరిగొచ్చినాడు.

"నాయనల మీద, అమ్మల మీద మడక దున్నాల్నా మద్దిలేటీ?" ఈసారి గొంతులో కోపం లేదు.

"మా అమ్మ గూడా ఈడనే ఉంది రెడ్డీ, ఆ తంగేడు పొద కింద. నేనే తవ్వి, నేనే పెట్టినా. మొదటి సాలు ఆమె మీదనే కొడతా. నేను తినకుండా ఆమె ఏ పొద్దూ పండుకోలా. ఇప్పుడు ఊరంతా పస్తుంటే ఆమెకు నిద్ర పడతాదా?"

రెడ్డి గడ్డపార కింద పెట్టినాడు. హనుమక్కను నల్లరాయి మీద పండబెట్టి, తలా ఇన్ని రాళ్ళు పేర్చినారు. ఆ ఊర్లో రాళ్ళకేం కరువు!

మడకకు ఎద్దుల్లేవు. కాడిమానుకు ఒకపక్క మద్దిలేటి మెడ పెట్టినాడు. రెండోపక్క రెడ్డి వచ్చి పెట్టినాడు. తంగేడు పొద కాడికి వచ్చేసరికి మద్దిలేటి ఆగినాడు. అంత మాట అన్నోడు నిలబడి ఏడ్చినాడు పాపం. "పద మద్దిలేటీ, నేనుండా గదా" అన్నాడు రెడ్డి.

ఆకూ అలమూ తిని రోజులు నెట్టినారు. ఒక్క వాన పడింది. కుండెడు విత్తనమూ ఆ వంపులో చల్లినారు. నమ్మకం లేని ఒకామె మాత్రం పిడికెడు దాచి తన చేన్లో చల్లుకుంది. అది జానెడు లేచి వాలిపోయింది. వంపులోది మోకాలు దాటింది, నడుము దాటింది, కంకి వేసి వంగింది. ఊరు ఊర్లోనే ఉండిపోయింది.

చానా ఏండ్లకు మద్దిలేటి పోయినాడు. "ఈ ఒక్కడికి నిలువెత్తు మన్ను ఇద్దాం" అని ముసలి రెడ్డి తనే గడ్డపార పట్టినాడు. మోకాటి లోతు తవ్వినాడు. తడి మన్ను కాళ్ళకు తగిలింది. ఆగిపోయినాడు. "నువ్వు తిడతావురా, నాకు తెలుసు" అని వెక్కివెక్కి ఏడుస్తా, తవ్విందంతా తన చేతులతోనే పూడ్చినాడు. మద్దిలేటిని గూడా రాయి మీదనే పండబెట్టి రాళ్ళు పేర్చినారు.

కానీ జనానికి మనసొప్పలా. మన్ను తవ్వినోనికి మన్నే లేకపాయనే అని, ప్రతి ఇంటోళ్ళూ తమ జానెడు చేన్లోంచి పిడికెడు తెచ్చి ఆ రాళ్ళ మీద చల్లినారు. మా ఊర్లో ఇప్పటికీ అంతే. కోతకు ముందు, పెండ్లికి ముందు, పసిబిడ్డకు పేరు పెట్టే ముందు, పిడికెడు మన్ను తీసుకుపోయి చల్లి, "ఇదిగో తాతా, నీ వంతు" అంటారు.

పిడికెడు పిడికెడు చేరి అది మంచి దిబ్బయింది. పోయినేడు నా కోడలు ఎవరినీ అడక్కుండా దాంట్లో నాలుగు అనపగింజలు గుచ్చింది. ఊరోళ్ళు ఏమంటారో అనుకున్నా. ఎవరూ ఏమీ అనలా. కాయలు మాత్రం తలా ఇన్ని కోసుకపోయినారు.