చుక్క ఎక్కడుంటే గంటయ్య అక్కడ

గోదావరి మధ్యన ఒక లంక ఊరుంది. అక్కడ అబ్బులు, పల్లయ్య, గంటయ్య అని ముగ్గురు అన్నదమ్ములున్నారు. "దేవుడు తెలివంతా మా ఇంట్లోనే దింపేసి ఖాళీ బుట్టతో వెళ్ళిపోయాడు" అని వాళ్ళ గొప్ప. ఊళ్ళోవాళ్ళెవరూ కాదనేవారు కాదు. వాదనకి దిగితే పొద్దు పోతుంది మరి.

ఆ లంకకి ఫైరింజను రావాలంటే పంటు ఎక్కి ఏరు దాటాలి. అందాకా మంట ఆగదు కదా? అందుకని పట్నం నుంచి ఒక సారు వచ్చి, మంటలార్పే పని అప్పగించి, ఈ ముగ్గురికీ తలా ఒక ఎర్ర కోటు ఇచ్చాడు. కోటుకో బిళ్ళ. అబ్బులు చేతికి ఒక ట్యాబు.

ఇదెలా పనిచేస్తుందో జాగ్రత్తగా వినండి. బిళ్ళ తానెక్కడుందో ట్యాబుకి చెబుతూ ఉంటుంది. ట్యాబులో అది చుక్కలా కనపడుతుంది. ముగ్గురు మనుషులు, మూడు చుక్కలు. పొగలో మనిషికి మనిషి కనపడడు కాబట్టి, చుక్కను చూసి ఎవరెక్కడున్నారో తెలుసుకోవచ్చు. అర్థమైందా? వాళ్ళూ అర్థమైందనే అన్నారు.

"పొగలో మీ కళ్ళను నమ్మకండి, చుక్కను నమ్మండి. చుక్క కదలకపోతే ఆ మనిషి ప్రమాదంలో ఉన్నట్టే. ఎవరినీ వదిలేసి పనిలోకి దిగకండి" అని మరీ మరీ చెప్పి సారు పడవెక్కాడు.

పొగ సంగతి అప్పుడే మర్చిపోయారు. మిగతాది మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నమే గంటయ్య కోటు తొడుక్కుని అరుగు మీద కునుకు తీశాడు. చుక్క కదల్లేదు. ఇంకేముంది! అన్నలిద్దరూ కాళ్ళూ చేతులూ పట్టుకుని ఆస్పత్రికి మోసుకుపోయారు.

దారిలో మెలకువ వచ్చి, "ఏమైందన్నయ్యా?" అన్నాడు గంటయ్య.

"ప్రమాదంలో ఉన్నావురా."

"అయ్యో, నాకెవరూ చెప్పలేదే!" అని ఘొల్లుమన్నాడు.

నర్సమ్మ ముగ్గురినీ తిట్టి పంపింది. మర్నాటికి గంటయ్యకి ఒక ఉపాయం తట్టింది. కోటు తీసి పెరట్లో ఉన్న మేకకి తొడిగాడు. మేక తిరిగితే చుక్క తిరుగుతుంది, తన నిద్ర తనకి దక్కుతుంది. అంతే, హాయిగా గురక.

గురక సగంలో ఉండగా వీధి చివరి అచ్చియ్యమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఒరే అబ్బులూ, నా పాక అంటుకుందిరా! నాకున్నదల్లా అదేరా! రండ్రా!"

ముగ్గురూ నీళ్ళ బిందెలెత్తుకుని ఉరికారు. చూరుకి ఒక మూల మంట లేచింది. గంటయ్య బిందె పైకెత్తాడు.

"ఆగు!" అన్నాడు అబ్బులు ట్యాబు చూస్తూ. "ఇక్కడ రెండే చుక్కలున్నాయి. గంటయ్య రాలేదు."

"వచ్చానన్నయ్యా, ఇదిగో!"

"కళ్ళను నమ్మొద్దన్నారా లేదా? ఇది చూడు."

గంటయ్య చూశాడు. తన చుక్క గోదారి మధ్యలో ఉంది. మేక రేవులో పడవెక్కేసింది మరి!

"నిజమేనన్నయ్యా, నేను రాలేదు" అని బిందె కింద పెట్టేశాడు. అంతలో మళ్ళీ ట్యాబు చూసి కెవ్వుమన్నాడు. "అన్నయ్యా! నేను ఏట్లో ఉన్నాను! నాకు ఈత రాదు!"

"మీ తెలివి మండా, ముందు మంట ఆర్పండ్రా!" అని నెత్తి బాదుకుంది అచ్చియ్యమ్మ.

"ఎవరినీ వదిలేసి పనిలోకి దిగకూడదత్తా" అని పల్లయ్య ఓపిగ్గా చెప్పాడు. అంతే, బిందెలక్కడే వదిలేసి ముగ్గురూ రేవుకి పరుగు. అందరికంటే ముందు గంటయ్యే. "గంటయ్యా, భయపడకురా, వచ్చేస్తున్నాం!" అని ఏటివైపు కేకలు.

పడవ వెనక్కి తిప్పించారు. మేకని దింపి, కావలించుకుని ఏడ్చి, ఊరేగింపుగా పాక దగ్గరికి తెచ్చారు. మూడు చుక్కలూ ఒకచోట చేరాయి.

"ఇప్పుడు అందరం ఉన్నాం. గంటయ్యా, బిందె అందుకో" అన్నాడు అబ్బులు మేకతో.

మేక "మే" అంది.

"చిన్నప్పట్నుంచీ వీడింతే, పని చెబితే మొండికేస్తాడు" అన్నాడు పల్లయ్య.

"నా బుద్ధే అంత" అని గంటయ్య సిగ్గుపడ్డాడు.

కానీ ఆర్పడానికి మంటేదీ? వాళ్ళు వదిలేసిన బిందెలతోనే అచ్చియ్యమ్మ ఒక్కతే నీళ్ళు గుమ్మరించేసింది. చూరు ఓ మూల నల్లబడింది, పాక నిలిచింది. ఆవిడ మసిమొహంతో గడపలో కూలబడి ఆయాసపడుతోంది.

"ఎవరార్పారత్తా?"

"నేనేరా, ఇంకెవరు!"

అబ్బులు ట్యాబు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నీకు చుక్కే లేదత్తా. అంటే నువ్విక్కడ లేవు. లేనివాళ్ళు ఆర్పిన మంట లెక్కలోకి రాదు. ఏం కంగారుపడకు, ఆ అగ్గిపెట్టె ఇలా ఇయ్యి. మళ్ళీ అంటించి, ఉన్నవాళ్ళం ఆర్పుతాం!"