తిప్పని ముక్క

శరభయ్యకు భయం పాలు కాస్త ఎక్కువ. అడుగు తీసి అడుగు వెయ్యాలంటే కింద నేలుందో లేదో చూసుకునే మనిషి. అలాంటివాడు పోయి పోయి జైలానీ బాబా దగ్గర శిష్యుడిగా చేరాడు.

బాబా ఒకప్పుడు ఓడల్లో వంట చేసినవాడు. ఏ రేవులోనో నాలుగు ముక్కల పేకాట ఒకటి నేర్చుకొచ్చాడు. ఒమాహా అంటారట. పులికాట్ సరస్సు నడుమ ఓ ఇసుకదిబ్బ మీద కూర్చుని ఆయన చెప్పే చదువు అదొక్కటే. చేతిలో నాలుగు ముక్కలు, చాప మీద అందరికీ ఉమ్మడిగా ఐదు, ముందు మూడు, తర్వాత ఒక్కొక్కటి. చేతివి రెండు, చాపవి మూడు కలిపి ఆట కట్టాలి. పందెం చింతపిక్కలు. పిక్కలే కదా అనుకునేరు! అవన్నీ పోగొట్టుకున్నవాడు ఆ పూటే పడవెక్కి ఇంటికి పోవాలి. అది అక్కడి కట్టుబాటు.

శరభయ్యకు పోవాలని లేదు. ఆ పొగమంచు, నీళ్లలో నిలబడే నిద్రపోయే కొంగలు, బాబా మాట, ఇవి లేకపోతే తను బతకలేననుకున్నాడు. అందుకని ఆట కుదిరేదాకా తనంతట తాను ఒక్క పిక్కా పెంచేవాడు కాదు. ఎవరు పెంచినా మూలుగుతూ వెంటపోయేవాడు. కుదరకపోతే వేసినవి పోయేవి. కుదిరిందా, వాడి మొహం వెలిగిపోయేది, అది చూసి అందరూ ముక్కలు పడేసేవాళ్లు. అలా కారి కారి చివరికి గుప్పెడు పిక్కలు మిగిలాయి.

ఓ తెల్లవారుజాము. మంచులో నీళ్లేవో ఆకాశమేదో తెలియడం లేదు. బాబా పంచాడు. చాప మీద తొమ్మిది, ఎనిమిది, రెండు పడ్డాయి. తోటి శిష్యుడు నాగూరు వెంటనే పందెం పెంచాడు.

శరభయ్య చేతిలో జాకీ, పది, ఏడు, ఆరు. రాణి వచ్చినా వరస కుదురుతుంది, అయిదు వచ్చినా కుదురుతుంది, ఆ మధ్యవి ఇంకెన్నో. రావలసిన ముక్కలు రెండున్నాయి. కానీ ఇప్పటికి చేతిలో ఉన్నది సున్నా. ఎప్పటిలాగే అడిగినంత మాత్రం వెయ్యబోయాడు.

బాబా ఒంగి వాడి ముక్కలు చూసి, వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకా ఏమీ కుదరలేదు బాబా," అన్నాడు శరభయ్య.

"నాగూరుకి కుదిరింది నాయనా. కుదిరినవాడు అక్కడే కూర్చుంటాడు. నీకు దారులున్నాయి."

శరభయ్య తన పిక్కలు ఓసారి లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఉన్న పిక్కలన్నీ చాప మధ్యకు తోసేశాడు. ఏడుపు వచ్చింది. నాగూరు వాడి మొహం చూసి తనూ అన్నే పిక్కలు వేసి, ముక్కలు పరిచాడు. చాప మీదిదాంతో కలిపి మూడు రెళ్లు. వరస కుదిరితేనే వాటి మీద గెలుపు.

నాలుగో ముక్క రాజు. శరభయ్యకు పనికిరాలేదు. ఇక మిగిలింది ఒక్కటే.

బాబా దాన్ని పేకలోంచి తీశాడు. తిప్పలేదు. అలాగే బోర్లా నీళ్ల మీద వదిలాడు. అది మెల్లగా తేలుతూ మంచులోకి వెళ్లిపోయింది.

 తనిప్పుడు ఉండాలా, పోవాలా అని అడిగాడు శరభయ్య.

"ఇందాక తోసినప్పుడు ఆ ముక్కను అడిగి తోశావా?" అన్నాడు బాబా.

 శరభయ్య లేచి, బాబా పాదాలకు మొక్కి, కింద నేలుందో లేదో చూసుకోకుండానే నీళ్లలోకి దిగి పడవ తాడు విప్పసాగాడు. నాగూరు కంగారుగా వెనకాలే వచ్చాడు.

"ఓడిపోయావని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు," అన్నాడు శరభయ్య, గెడ నీళ్లలోకి దించుతూ.