నూకాలు మోకాల్లో చుట్టం

రా, పడుకో. కాళ్ళు మాత్రం నా మీద వెయ్యకు, మోకాలు ఇవాళ ఒక మాదిరిగా ఉంది. ఏం లేదులే. మీ అమ్మతో అనకు, ఊరికే హడావిడి చేస్తుంది. ఆ, అటు జరుగు. ఊఁ కొడితేనే చెప్తాను. మధ్యలో నిద్రపోయావంటే మళ్ళీ మొదటి నుంచి చెప్పను, నీ ఇష్టం.

అనగనగా మన గోదారి జిల్లాలో, సముద్రం పక్కన, ఉప్పు మళ్ళ మధ్యలో ఒక ఊరు. ఆ ఊళ్ళో వరి పండదు, మామిడి కాయదు. ఉప్పు పండుతుంది. నవ్వకు, పండుతుందనే అంటారు. మడి కట్టి, ఉప్పునీళ్ళు పెట్టి, ఎండకి వదిలేస్తే నీళ్ళు ఇగిరిపోయి అడుగున తెల్లగా ఉప్పు మిగులుతుంది. దాన్ని పొడుగాటి చెక్కపారతో లాగి, గట్టు మీద గుట్టలు పోస్తారు.

అయితే ముందు మడి గట్టిపడాలి కదా? మట్టి మెత్తగా ఉంటే ఉప్పులో బురద కలుస్తుంది. అందుకని చలికాలం వెళ్ళీ వెళ్ళగానే ఆడవాళ్ళంతా వరసగా నిలబడి, ఒకరి నడుం ఒకరు పట్టుకుని, పాట పాడుతూ మడిని కాళ్ళతో తొక్కుతారు. ధన్, ధన్, ధన్! మన వంటింటి గచ్చులాగా అయ్యేదాకా తొక్కుతారు.

ఆ వరసలో అందరికంటే ముందు నిలబడి పాట ఎత్తుకునే మనిషిది ముందడుగు. ఆ ఊళ్ళో పన్నెండేళ్ళుగా ముందడుగు నూకాలుది. నూకాలుకి అదంటే ప్రాణం. నగలు లేకపోయినా బాధపడలేదు గానీ, ముందడుగు ఇంకొకరికిచ్చెయ్యమంటే మాత్రం ఏడ్చేసేది.

మరి దానికో ఆచారం ఉంది. నొప్పి ఉన్న కాలు ముందడుగు వెయ్యకూడదు. వేస్తే ఆ ఏడు ఉప్పు సరిగ్గా పండదట. ఆ మాట ఎవరు పెట్టారో ఏమో! జన్మలో మడి తొక్కనివాళ్ళెవరో పెట్టుంటారు, నన్నడిగితే.

ఒకరోజు పొద్దుగూకే వేళ నూకాలు పనిలోంచి ఇంటికొస్తోంది. అప్పుడు వెనకాలే చంకలో మూట పెట్టుకుని ఒక ముసలమ్మ వచ్చింది. ఆవిడ ఎవరికీ కనపడదు. ఆవిడ పేరు నొప్పమ్మ. ఊరు ఊరూ తిరుగుతూ ఉండటానికి చోటు వెతుక్కుంటుంది.

నొప్పమ్మ ముందు నూకాలు చీలమండ దగ్గరికి వెళ్ళింది. "చీలమండమ్మా, ఇంత చోటిస్తావా?" అంది. "నా ఇల్లే ఇరుకు, పైకి పో" అంది చీలమండ. అప్పుడు పిక్క దగ్గరికి వెళ్ళింది. "నాకే తీరిక లేదు, పైకి పో" అంది పిక్క. ఆ తర్వాత మోకాలి దగ్గరికి వెళ్ళింది. మోకాలు పాపం మెతక మనిషి. ఎవరు వంగమంటే వంగుతుంది, ఎవరు లెమ్మంటే లేస్తుంది. "రా పిన్నీ, కూర్చో" అంది. అంతే! నొప్పమ్మ మూట దించి, కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

పొద్దున్నే నూకాలు లేవబోయి "అబ్బా!" అంది.

పక్కింటి వరాలు చూసింది. వరాలు మడి తొక్కే వరసలో నూకాలు వెనకాలే నిలబడుతుంది, వదినా వదినా అని వదలకుండా తిరుగుతుంది. "ఏంటొదినా, కుంటుతున్నావు?" అంది.

"ముల్లు గుచ్చుకుందే" అంది నూకాలు. రెండోరోజు అడిగినా ముల్లే అంది. మూడోరోజు కూడా ముల్లే. రోజూ తొక్కే మడిలో ముల్లెక్కడిదమ్మా? వరాలు ఏమీ అనలేదు. ఎందుకనలేదో తర్వాత చెప్తాను.

నూకాలు నొప్పమ్మని తరిమేద్దామనుకుంది. ముందు పాత చీర చింపి మోకాలికి బిగించి కట్టింది. "చూద్దాం నీ పనో నా పనో" అని రోజుకంటే రెండింతలు తొక్కింది. నొప్పమ్మకి ఊపిరాడక ఒళ్ళు మండింది. ఒక కాలు తీసి రెండో మోకాల్లోకి కూడా చాపింది.

అప్పుడు నూకాలు ఆలోచించింది. పొద్దస్తమానం కాళ్ళు ఉప్పులోనే ఉంటున్నాయి కాబట్టి ఈ నొప్పి ఉప్పు వల్లే వచ్చిందని తేల్చేసుకుంది. ఉప్పు మీద కోపంతో కూరలో ఉప్పు మానేసింది! వాళ్ళాయన పేరు తాతబ్బాయి. పుట్టినప్పుడూ తాతబ్బాయే, పెళ్ళికొడుకైనప్పుడూ తాతబ్బాయే. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు తేలేశాడు.

"ఏమేవ్, గుమ్మం దాటితే ఊరంతా ఉప్పే కదే! మనింట్లో చప్పిడి కూరేంటే?" అన్నాడు.

"ఒంటికి మంచిది, తిను" అంది నూకాలు. తాతబ్బాయి వారం రోజులు పక్కింటి ఆవకాయతో బతికాడు. నొప్పి మాత్రం కదల్లేదు.

ఆ తర్వాత జ్వరమని అబద్ధం చెప్పి, తలుపేసుకుని, మూడురోజులు మంచం దిగకుండా పడుకుంది. కాళ్ళు కదిపితే ఒట్టు. మూడోరోజుకి మోకాళ్ళు వానకి ఉబ్బిన తలుపుల్లా బిగుసుకుపోయాయి. మంచినీళ్ళ కుండ దాకా వెళ్ళడానికి గోడ పట్టుకోవాల్సొచ్చింది.

అప్పుడిక నూకాలుకి ఏడుపొచ్చింది. మధ్యాహ్నం వేళ, ఇంట్లో ఎవరూ లేరు. మోకాలి మీద రెండు చేతులూ వేసి, "ఎవరే నువ్వు? నన్నొదిలి ఎప్పుడు పోతావే?" అని అరిచింది.

లోపల్నుంచి నొప్పమ్మ పలికింది. "అరవకమ్మా, నాకు చెవుడు లేదు. గోదారోళ్ళు మర్యాదకి పెట్టింది పేరంటే నమ్మి నీ ఇంటికొచ్చాను. వచ్చి రెండు నెలలైంది. చుట్టం వస్తే ఏం చేస్తారు మీరు? కాళ్ళకి నీళ్ళిచ్చావా? కూర్చోడానికి పీటేశావా? పోనీ ఒక్క మంచి మాటన్నావా? పీకకి గుడ్డ బిగించావు, చప్పిడి కూర పెట్టావు, చీకటింట్లో పడేశావు!"

నూకాలుకి సిగ్గేసింది. నిజమే కదా! ఇంటికొచ్చిన పిల్లికైనా ఇన్ని పాలు పోసే మనిషి.

అప్పుడు లేచి పొయ్యి వెలిగించింది. వేణ్ణీళ్ళు కాచి, గుప్పెడు ఉప్పేసి, అందులో కాళ్ళు పెట్టుకుంది. పెనం మీద ఉప్పు వేయించి, మూట కట్టి, మోకాలికి కాపడం పెట్టుకుంది. "అమ్మయ్య, చల్లగా ఉన్నావా తల్లీ, వెచ్చగా ఉన్నావా అని అడిగే ఇల్లు దొరికింది" అని నొప్పమ్మ కాస్త సర్దుకుని ఒక మూలకి జరిగింది. తిట్టిన ఉప్పే మందయింది చూశావా! ఆ రాత్రి కూరలో కూడా ఉప్పు పడింది. తాతబ్బాయి మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాటి నుంచి నూకాలు పనికి పోతూ చిన్న పీట కూడా చంకలో పెట్టుకుపోయింది. కాసేపు పార లాగడం, కాసేపు గట్టు మీద పీటేసుకుని కాళ్ళు చాపడం. ఎవరైనా చూస్తే "పార సరి చేసుకుంటున్నా" అనేది. ఆ ఏడు ఆ పారకి జరిగినన్ని మరమ్మతులు ఏ పారకీ జరగలేదు.

"నీళ్ళిచ్చావు, పీటేశావు. మరి మాట?" అంది నొప్పమ్మ.

"నీతో మాట్లాడుతూనే ఉన్నాగా" అంది నూకాలు.

"నాతో కాదమ్మా. నీ ఇంట్లో నేనున్నానని నీవాళ్ళతో చెప్పాలి. చుట్టాన్ని గదిలో దాస్తారా ఎక్కడైనా?"

"అదొక్కటీ అడక్కు. చెప్తే నా ముందడుగు పోతుంది" అంది నూకాలు.

"సరే, నీ ఇష్టం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. వాన మా అక్క. మా అక్క ఎప్పుడు బయల్దేరినా నాకు ముందే తెలుస్తుంది. అప్పుడు నేను కుదురుగా కూర్చోలేను" అంది నొప్పమ్మ.

ఊఁ అను. ఆ.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలు. ఆ ఏడు ఉప్పు విరగపండింది. గట్ల మీద తెల్లటి గుట్టలు, చూస్తే కళ్ళు చెదిరిపోయేలా ఉన్నాయి. తాటాకులు పక్కనే పేర్చి ఉన్నాయి గానీ ఇంకా కప్పలేదు. తొందరపడి కప్పితే లోపల తడి ఆరదని, వానల కార్తె మృగశిర ఇక వస్తుందనగా కప్పుతారు. ఊరందరి ఏడాది తిండీ ఆ గుట్టల్లోనే ఉంది. ఒక్క వాన పడిందా, అంతా నీళ్ళే.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ పాకలో కూర్చుని చద్దన్నాలు తింటున్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అప్పుడు నూకాలు మోకాలు సలిపింది. మామూలు సలుపు కాదు, లోపల ఎవరో లేచి అటూ ఇటూ తిరుగుతున్నట్టు.

"మా అక్క బయల్దేరింది" అంది నొప్పమ్మ.

నూకాలు నోరు తెరిచి, మూసుకుంది. వానొస్తుందంటే నీకెలా తెలుసంటారు. మోకాలు చెప్పిందంటే ముందడుగు పోతుంది. మళ్ళీ సలిపింది. నూకాలు ముద్ద కలుపుతూ కూర్చుంది. మూడోసారి సలిపింది. అప్పుడు గుట్టల వంక చూసింది. వరాలు గుట్ట, తాతబ్బాయి గుట్ట, ఇంకా ఎంతమందివో. పన్నెండేళ్ళు ముందడుగు వేసింది ఈ గుట్టల కోసమే కదా! ఇవి కరిగిపోయాక ముందడుగు ఉండి ఏం లాభం?

కంచం తోసేసి పీట మీద ఎక్కి నిలబడింది. "లేవండర్రా! వానొస్తంది! తాటాకులు కప్పండి!" అని కేకేసింది.

"వానేంటొదినా, ఇంతెండలో! నీకెవరు చెప్పారు?" అంది వరాలు.

"నా మోకాలు చెప్పింది! ముల్లు కాదే వరాలూ, జ్వరమూ కాదు. మడి తొక్కిన కాడి నుంచి నాకు మోకాలు నొప్పే!"

నూకాలు తల దించుకుంది. అప్పుడు వరాలు మెల్లిగా భుజం రుద్దుకుంది. "నాకూ పొద్దుట్నుంచి భుజం మరీ లాగేస్తంది వదినా. ఉక్కకేమో అనుకున్నాను. నీ ముల్లు నాకు తెలుసు. నా భుజం సంగతి నువ్వు అడుగుతావేమోనని నిన్ను గట్టిగా అడగలేదు" అంది.

ఇంకొకామె "నా మణికట్టూ అంతే" అంది. తాతబ్బాయి గొంతు సవరించుకుని, "నా నడుం... నీకు చెప్తే పార లాక్కుంటావని చెప్పలేదే" అన్నాడు.

అందరి ఇళ్ళలోనూ చుట్టమే! ఎవరికి వాళ్ళు దాచుకుని కూర్చున్నారు.

ఒక్క మోకాలు చెప్తే నవ్వుతారేమో గానీ, పాకెడు కీళ్ళు చెప్తే నమ్మక ఏం చేస్తారు? కంచాలు వదిలేసి పరిగెత్తారు. ఒకరు తాటాకు అందిస్తే ఒకరు పరిచారు, ఒకరు తాడు బిగించారు. ఆఖరి గుట్ట మీద ఆఖరి ఆకు పడేసరికి సముద్రం వైపు నల్లగా లేచింది. చిటపట, చిటపట, ఆ తర్వాత దబదబా కురిసింది. ఒక్క గుట్ట కరగలేదు.

అప్పుడు చూడాలి వాళ్ళ సంతోషం! పాకలో తడిసి ముద్దయి కూర్చుని, నీ నొప్పెక్కడ, నా నొప్పెక్కడ అని చెప్పుకుంటూ, పడీ పడీ నవ్వుకున్నారు. మాది అమావాస్యకొస్తుందని ఒకరు, మాది అత్తగారొస్తే వస్తుందని ఒకరు.

మళ్ళీ ఏడు మడి తొక్కే రోజొచ్చింది. ఊరి పెద్ద సూర్రావు తాత కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. "నూకాలుది నొప్పి కాలు. ఆచారం ఆచారమే. నొప్పి లేని కాలు ఎవరిదో వాళ్ళు ముందుకు రండి" అన్నాడు.

ఒక్కరూ కదల్లేదు. వరాలు ఆకాశం వంక చూసింది. ఇంకొకామె కొంగు సర్దుకుంది. "ఎవరూ లేరా? ఏం కాలమొచ్చిందర్రా!" అని సూర్రావు తాత విసురుగా ఒక అడుగు వేశాడు. వేసి "అబ్బా" అని తుంటి పట్టుకున్నాడు.

ఇంకేముంది! మళ్ళంతా నవ్వులే. తాత కూడా నవ్వేశాడు. "పోనీవే నూకాలూ, నువ్వే ఎయ్యి" అన్నాడు.

"ఏస్తాను తాతా. కానీ ఒక పాటకి నేను, ఇంకో పాటకి వరాలు, ఆ తర్వాత వెనకామె. వేసిన వాళ్ళు పీట మీద కూర్చుని పాడాలి" అంది నూకాలు. ఆ ఏటి నుంచి ఆ గట్టు మీద వరసగా పీటలుంటాయి. ధన్, ధన్, ధన్! పాట మాత్రం ఆగదు. ఉప్పు ఎలా పండిందంటావా? అబ్బో, అంతకు ముందుకంటే తెల్లగా పండింది.

ఏంటీ? నొప్పమ్మ వెళ్ళిపోయిందా అంటావా? ఎక్కడికి పోతుందే! వస్తూ పోతూ ఉంటుంది. నీళ్ళిస్తే, పీటేస్తే, నలుగురికీ చెప్తే ఓ మూల ఒదిగి కూర్చుంటుంది.

ఏయ్, ఎందుకు లేచావు? ఎక్కడికే? ఒసేయ్, మీ అమ్మతో అనొద్దన్నానా! చూడు, ఇల్లెగిరిపోయేలా ఎలా అరుస్తోందో, "అమ్మా, అమ్మమ్మకి మోకాలు నొప్పట" అని! నాది అంత నొప్పేం కాదే...

వచ్చావా అమ్మాయ్. ఉప్పు కాపడం కూడా తెచ్చావూ? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను, ఇంతసేపూ కథ చెప్పింది నేనే కదా, నాకే బుద్ధి లేదు. ఆ, అక్కడే పెట్టు. అబ్బ, హాయిగా ఉంది. అన్నట్టు డాబా మీద వడియాలు తీసెయ్యి, వాళ్ళక్క బయల్దేరినట్టుంది.

నువ్వు రావే, చాడీకోరుదానా. దగ్గరికి రా. ఇప్పుడు కాలెయ్యి, పర్లేదు.

ఉప్పు గుట్టకి తాటాకు కప్పు,
మోకాలమ్మకి మూటెడు ఉప్పు,
చెప్పుకుంటే సగమే నొప్పి,
కథేమో నడిచింది కంచికి,
కాళ్ళేమో చేరాయి మంచానికి.