ఏ దోసిలితో?

వెదుళ్ళకోన అనే అడవిని ఒక ఏనుగు ఏలేది. ఆ అడవిలో ముళ్ళపందులు, కుందేళ్ళు, ఉడుతలు, దుప్పులు, ముంగిసలు, నెమళ్ళు ఉండేవి. కొండ మీది రాతిగుహలో ఒక కొండముచ్చు ఉండేది. దాని దగ్గర ఒక ఎలుగుబంటి కొలువు చేసేది.

ఒక ఏడాది కోనలోని వెదుళ్ళన్నీ ఒక్కసారిగా పూశాయి. వెదురు బియ్యం వానలా రాలింది. జంతువులన్నీ కడుపునిండా తిని పడుకున్నాయి. కొండముచ్చు మాత్రం పడుకోలేదు. రాలిన బియ్యమంతా ఊడ్చి గుహలో పోసుకుంది. పూసిన వెదుళ్ళు ఎండిపోయాయి. మరుసటి ముసురు కాలం వచ్చేసరికి గుహలో తప్ప అడవిలో ఎక్కడా గింజ లేదు.

అప్పుడు కొండముచ్చు గుహ ముందు కూర్చుని అప్పులివ్వడం మొదలుపెట్టింది.

"వడ్డీ లేదు, గిడ్డీ లేదు. ఇప్పుడు బియ్యం పట్టుకెళ్ళండి. వేసవిలో ఇప్పపువ్వు తెచ్చివ్వండి. దోసిలికి దోసిలి! నాకేం మిగులుతుంది చెప్పండి? మీ ఆకలి చూడలేక చేస్తున్నాను" అంది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఇచ్చేవాళ్ళను కొలతల గురించి ప్రశ్నించకూడదు. ప్రశ్నిస్తే నమ్మకం లేనట్టు. నమ్మకం లేనివాళ్ళు మర్యాద లేనివాళ్ళు. పెద్దలు పిల్లలకు ఇదే నేర్పేవాళ్ళు. ఆ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. దానివల్ల ఎవరికి లాభమో చూస్తే ఊహించవచ్చు.

సూదమ్మ అనే ముళ్ళపందికి ఇద్దరు పిల్లలు. తవ్వుకుందామంటే దుంపలు బురదలో కుళ్ళిపోయాయి. పిల్లలు ఆకలికి ఏడవడం కూడా మానేశారు. అప్పుడది గుహకు వెళ్ళింది.

"తాకట్టు ఏం పెడతావు చెల్లెమ్మా?" అంది కొండముచ్చు.

"నా దగ్గరేముంది? బొరియ ఒక్కటే ఉంది."

"అదే చాలు."

కొండముచ్చు తన సన్నటి చేతులు కలిపి ఆరు దోసిళ్ళ బియ్యం కొలిచి పోసింది.

"దోసిలికి దోసిలి అంటే..." అని సూదమ్మ ఏదో అడగబోయింది. వెనక వరుసలో నిలబడ్డ ముసలి దుప్పి గట్టిగా గొంతు సవరించుకుంది. సూదమ్మ సిగ్గుపడి నోరు మూసుకుంది.

వేసవి వచ్చింది. సూదమ్మ పిల్లలతో కలిసి ఇప్పచెట్ల కింద పువ్వు ఏరింది. ఏరినదంతా గుహ ముందు కుప్ప పోసింది. కొండముచ్చు చెట్టెక్కి కొమ్మ మీద పడుకుని ఉంది. కొలవడానికి ఎలుగుబంటి కూర్చుంది. దాని చేతులు చాటలంత ఉన్నాయి.

ఎలుగుబంటి దోసిలి ముంచింది. మళ్ళీ మళ్ళీ ముంచింది. నాలుగోసారికి కుప్ప అయిపోయింది.

"నాలుగు. ఇంకా రెండు బాకీ" అంది.

"అదేమిటి? నాకిచ్చింది కొండముచ్చు దోసిలితో కదా!"

"అయ్యుండొచ్చు. పుచ్చుకునేది నేను."

"ఇది అన్యాయం కాదా ఎలుగన్నా?"

"నన్నడక్కు తల్లీ. చెయ్యి నాది, లెక్క ఆయనది" అని ఎలుగుబంటి పైకి చూపించింది.

కొండముచ్చు కొమ్మ మీంచి తల వంచింది. "ఏ దోసిలితో అని నువ్వడిగావా చెల్లెమ్మా? నేను చెప్పానా? లేదు కదా. తొలకరి పడేలోగా మిగతా రెండూ తెచ్చెయ్యి. లేదంటే బొరియ ఖాళీ చెయ్యి. వానలో పిల్లలతో అవస్థ పడతావని నాకూ బాధగానే ఉంది."

అప్పటికి ఇప్పచెట్ల కింద పువ్వు అయిపోయింది. ఆ సంగతి కొండముచ్చుకీ తెలుసు.

సూదమ్మ తిరిగి వస్తుంటే ఒక కుందేలు ఎదురైంది. దాని పొద కూడా అప్పు కిందే పోయింది. ఉడుతల తొర్ర పోయింది. ముంగిసల పుట్ట పోయింది. ఎవరికి వాళ్ళు తమదే తెలివితక్కువ అనుకుని, నలుగురికీ తెలిస్తే నవ్వుతారని నోరెత్తలేదు. సూదమ్మకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా రాజు దగ్గరకు వెళ్ళింది. ఏడవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఏనుగు చెవులు ఊపుతూ అంతా విని నిట్టూర్చింది. "నిజమే. మన ప్రజలకు లెక్కలు రావు. అందుకే మోసపోతున్నారు."

"మహారాజా, నేను చెప్పింది వాడి మోసం గురించి. మా తెలివి గురించి కాదు."

"అదే, అదే. ప్రజలకు లెక్కల తెలివి నేర్పడానికి ఒక మండలి వేస్తాను" అంది ఏనుగు.

వేసింది. దానికి 'అడవి ఆర్థిక అక్షరాస్యతా మండలి' అని పేరు పెట్టింది. నెమలిని అధ్యక్షుడిని చేసింది. నెమలి తోక నిండా కళ్ళున్నాయి కాబట్టి అన్నీ చూస్తుందని రాజుగారి నమ్మకం. లెక్కల్లో అనుభవం ఉన్నవాళ్ళు ఒకరైనా ఉండాలని, సభ్యుడిగా కొండముచ్చును తీసుకున్నారు.

"దొంగ చేతికి తాళాలిస్తారా?" అంది సూదమ్మ.

"అప్పుల సంగతి ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసమ్మా?" అంది నెమలి.

మండలి చేసిన మొదటి పని ప్రారంభోత్సవం. ప్రారంభోత్సవానికి విందు కావాలి. విందుకు బియ్యం కావాలి. నెమలి కొండముచ్చు దగ్గర అరవై దోసిళ్ళ వెదురు బియ్యం అప్పు తీసుకుంది. తోకను తాకట్టు పెట్టింది.

"అధ్యక్షులవారు నన్ను అడగాల్సిందేమైనా ఉందా?" అంది కొండముచ్చు వినయంగా.

"నేనా? అడగడమా? పెద్దమనుషుల మధ్య అలాంటి మాటలెందుకు? దోసిలికి దోసిలి, అంతే కదా!" అంది నెమలి.

ఆ అప్పు తీర్చడానికి అడవి మీద చందా వేసింది. ఉడుతలు ఉడుత దోసిళ్ళతో పోశాయి. కుందేళ్ళు కుందేలు దోసిళ్ళతో పోశాయి. దాచుకున్న ఎండు ఇప్పపువ్వు అందరిళ్ళలోనూ ఖాళీ అయింది. నెమలి నూరు దోసిళ్ళు లెక్కపెట్టి, అప్పు పోను నలభై మిగిలిందని మురిసిపోయింది.

సభ జరిగింది. అందరికీ వెలగ డిప్పల్లో అన్నం పెట్టారు. నెమలి తోక విప్పి ఉపన్యసించింది.

"పొదుపు చేయండి! దుబారా మానండి! ఆశకు పోకండి!"

"ఏం పొదుపు చేయాలయ్యా? ఆకలినా?" అంది కుందేలు. పక్కనున్న ఉడుతలు కిసుక్కుమన్నాయి.

సూదమ్మ లేచి నిలబడింది. "నాదొక్కటే ప్రశ్న. కొండముచ్చు ఏ దోసిలితో ఇస్తుంది? ఏ దోసిలితో పుచ్చుకుంటుంది? ఈ సంగతి చెప్పని మండలి ఇంకేం నేర్పుతుంది?"

ఆ అడవిలో ఆ మాట పైకి అడిగినవాళ్ళు అంతవరకూ లేరు.

"అమ్మా, ఇది సంస్కారవంతుల సభ" అంది నెమలి.

"తొలకరికి నా పిల్లలు వానలో ఉంటారు. మీ సంస్కారం గొడుగు పడుతుందా?"

కొండముచ్చు కనుసైగ చేసింది. ఎలుగుబంటి వచ్చి సూదమ్మను బయటకు నడిపించింది. సూదమ్మ వెళ్ళింది గానీ, తను అన్నం తిన్న వెలగ డిప్పను పారేయలేదు. వెంట తీసుకెళ్ళింది.

కొన్నాళ్ళకు నైరుతి దిక్కున మబ్బు పట్టింది. ఎలుగుబంటి బొరియ ఖాళీ చేయించడానికి వచ్చింది. పిల్లలను లోపలికి తోసి, సూదమ్మ బొరియ నోటికి అడ్డంగా వీపు పెట్టి నిలబడింది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"రా ఎలుగన్నా, చెయ్యి పెట్టు. పువ్వు కొలిచిన చేతులే కదా!"

ఎలుగుబంటి ఆగిపోయింది. "రాజుగారిని పిలుస్తా."

"పిలువు. నాకూ ఆయనే కావాలి."

ఏనుగు వచ్చింది. వెనకే కొండముచ్చు వచ్చింది. తమాషా చూద్దామని అడవంతా వచ్చింది. ఏనుగు నోరు తెరిచేలోగా ఒక పెద్ద కేక వినిపించింది. నెమలి పరుగెత్తుకుంటూ వస్తోంది. దానికి తోక లేదు.

"దోపిడీ మహారాజా! పట్టపగలు దోపిడీ! చందా మొత్తం ఇచ్చేశాను. ఎలుగుబంటి కొలిస్తే సగం కూడా తీరలేదట! పొద్దున్నే వచ్చి తోక పీక్కెళ్ళారు. గుహలో పరుపు కుట్టించుకుంటారట!"

"ఏ దోసిలితో తీర్చాలో ముందే అడగలేదా?" అంది ఏనుగు.

నెమలి నేల చూపులు చూసింది. "లేదు మహారాజా. అడిగితే మర్యాదగా ఉండదని..."

ఒక ఉడుత పకపకా నవ్వింది. ఆ వెంటనే అందరూ నవ్వారు. సూదమ్మ మాత్రం నవ్వలేదు.

"ఎందుకు నవ్వుతున్నారు? మనలో ఎవరడిగారు?" అంది. నవ్వులు ఆగిపోయాయి. "అడగబోతే నేను నోరు మూసుకున్నాను. దుప్పి తాతా, నువ్వు గొంతు సవరించావు. అడగకూడదని మనకు నేర్పినవాళ్ళు మనవాళ్ళే. దాని మీద కొండముచ్చు గుహ నిండింది."

దుప్పి తల దించుకుంది.

సూదమ్మ వెలగ డిప్ప తెచ్చి రాజు ముందు పెట్టింది. "మహారాజా, ఉపన్యాసాలు చాలు. ఈ డిప్పతో వాళ్ళిద్దరి దోసిళ్ళూ కొలిపించండి."

కొలిచారు. కొండముచ్చు దోసిలికి ఒక డిప్ప నిండింది. ఎలుగుబంటి దోసిలికి మూడు డిప్పలు నిండాయి.

"నేను తీసుకున్నది ఆరు డిప్పలు. తిరిగిచ్చింది పన్నెండు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరికి బాకీ?"

ఏనుగు చెవులు ఊపడం ఆగిపోయింది. దానికి మొదటిసారి కోపం వచ్చింది. మండలి వేసినరోజే వచ్చి ఉంటే బాగుండేది.

"మహారాజా, నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు" అంది కొండముచ్చు.

"అవును. నిజం కూడా చెప్పలేదు" అంది ఏనుగు. "ఎవరి పొదలు, తొర్రలు, బొరియలు వాళ్ళవే. ఎక్కువ పుచ్చుకున్నదంతా ఇప్పుడే, ఇక్కడే తిరిగిచ్చెయ్యి."

కొండముచ్చు గుహ తెరిపించింది. ఇప్పపువ్వు బస్తాలు దింపించింది. "సరే, ముందు చెల్లెమ్మకే ఇస్తాను. ఎక్కువ పుచ్చుకున్నది రెండు దోసిళ్ళే కదా" అంటూ తన సన్నటి చేతులు కలిపి ముందుకు చాచింది.

"ఆగు! ఏ దోసిలితో?" అంది సూదమ్మ.

"ఏ దోసిలితో?" అంది కుందేలు. "ఏ దోసిలితో?" అన్నాయి ఉడుతలు. ముంగిసలు అన్నాయి. ఆఖరికి దుప్పి తాత కూడా అడిగింది. కోనంతా ఆ మాట మారుమోగింది.

"పుచ్చుకున్న దోసిలితోనే" అంది ఏనుగు.

ఎలుగుబంటి ముందుకొచ్చి కూర్చుని కొలవడం మొదలుపెట్టింది. కొండముచ్చు దాని వంక కోపంగా చూసింది. "చెయ్యి నాది, లెక్క రాజుగారిది" అంది ఎలుగుబంటి. సాయంత్రానికి గుహ ఖాళీ అయింది. కొండముచ్చుకు నెమలి ఈకల పరుపొక్కటే మిగిలింది. దాన్ని తినడానికి లేదు కదా.

పాత మండలి రద్దయింది. కొత్త మండలికి సూదమ్మను పెద్దగా ఉండమంది ఏనుగు.

"ఉంటాను. కానీ ప్రారంభోత్సవం లేదు, విందు లేదు, చందా అసలే లేదు" అంది సూదమ్మ. "సభ్యులుగా మోసపోయినవాళ్ళే ఉంటారు. అప్పు పుట్టే చోటే మండలి కూర్చుంటుంది."

వెలగ డిప్పను గుహ ముందు వేలాడదీశారు. ఇకముందు ఎవరు అప్పు ఇచ్చినా, తీర్చినా ఆ డిప్పతోనే. అప్పుకు వచ్చినవాళ్ళు ఏ కొలతతో, ఎప్పటికి, తీరకపోతే ఏమవుతుంది అని గట్టిగా అడిగి తీరాలి. అడగని పిల్లలను ఇప్పుడు పెద్దలే కసురుతున్నారు.

గుహ ఖాళీ అయిన రాత్రే తొలకరి పడింది. సూదమ్మ పిల్లలు పొడిగా, వెచ్చగా బొరియలో పడుకున్నారు. తెల్లవారి మబ్బు చూసి నెమలి ఆడబోయింది. తోక విప్పుదామని వెనక్కి చూసుకుని, మెల్లగా పొద చాటుకు వెళ్ళిపోయింది.

నీతి: ఏ కొలతతో అని అడగడం అమర్యాద కాదు; అడగడానికి సిగ్గుపడేలా చేసే మర్యాదే మోసగాడికి పెట్టుబడి.