కాటుక మెడలో ఉంగరాలు

ఎర్రగుట్ట కింద వాగు ఒడ్డున మేసే గొర్రెల మందలో అన్నిటిదీ ఒకటే తీరు. పొట్టిగా, దువ్వి పెట్టినట్టు తిన్నగా ఉండే బొచ్చు. కాటుకది మాత్రం వేరు. ఎక్కడో పడమటి మంద నుంచి వచ్చిన తల్లి పోలిక వచ్చి, దాని ఒళ్ళంతా నల్లగా, గుబురుగా, ఉంగరాలు ఉంగరాలుగా ఉండేది.

"నీ వీపు మీద పిచ్చుకలింకా గుడ్లు పెట్టలేదూ?" అని తోటి గొర్రెలు ఎకసెక్కాలాడేవి. కాటుక తల వంచుకుని దూరంగా పోయి మేసేది.

అలా ఒంటరిగా ఉన్నప్పుడే గుంటనక్క పలకరించింది. "ఏం కోడలు పిల్లా, మొహం వేలాడేశావు?"

"నా బొచ్చు అందరిలాగా తిన్నగా ఎప్పుడవుతుంది మామా?"

నక్క చూపు కాటుక మెడ మీదే ఉంది. అంతకుముందు రెండుసార్లు పొదచాటు నుంచి ఆ మెడ చూసి లొట్టలేసింది గానీ, అంత గుబురులో పన్ను దిగదని వెనక్కి తగ్గింది.

"ఇదేమైనా బ్రహ్మవిద్యా? రోజూ ఎండెక్కాక, బొచ్చు కరకరలాడుతున్నప్పుడు, రేగుకంపలో దూరి బర్రున ఈడ్చుకో. పట్టుదారంలా సాగుతుంది. మెడ దగ్గర మాత్రం రెట్టింపు ఈడ్చాలి సుమా!"

కాటుక నమ్మింది. పది రోజులు ఈడ్చుకుంది. బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడి కంప మీదే ఉండిపోయింది. మిగిలింది తిన్నగా కాకపోగా ఎండుగడ్డి వాములా లేచి నిలబడింది. మెడ మీద అక్కడక్కడా చర్మం బయటపడి భగ్గున మండింది.

వాగులో ఉండే ముసలి బాతు, తిప్పవ్వ, అది చూసి ముక్కున ఈక వేసుకుంది.

"ఎవరే ఈ వైద్యం చెప్పింది?"

"నక్క మామ, అవ్వా."

"పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని విన్నాను. నక్క మాట విని గొర్రె బొచ్చు పీక్కోవడం ఇప్పుడే చూస్తున్నా. మెడే ఎందుకు ఈడ్చమందో ఆలోచించావా?"

నక్క కన్ను తన మెడ మీదే ఉందని తెలిసి కాటుక బావురుమంది.

"ఏడవకు. ముందు నీది ఏ తీరో చూద్దాం. నీళ్ళలో మునిగి రా. వచ్చాక విదిలించకు, దేనికీ రాయకు. ఊరికే చూడు."

కాటుక మునిగి లేచింది. తడి బొచ్చు దారాల్లా తిన్నగా వేలాడింది. ఒక పాయ కొస నుంచి నీటిచుక్క రాలింది. బరువు తగ్గిన ఆ పాయ మెల్లగా లేచింది. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. ఎవరూ తిప్పలేదు, ఎవరూ లాగలేదు. పక్క పాయా అంతే. చూస్తుండగానే ఒళ్ళంతా ఊపిరి తీసుకుంటున్నట్టు కదిలింది. వీపు మీద ఇసుకలో నీటి అలల్లా, డొక్కల్లో నత్తగుల్లల్లా, మెడ దగ్గర కాకరపాదు నులితీగల్లా చుట్టుకుంది.

కాటుక గడ్డి మాట మరిచిపోయింది. "అవ్వా... ఇదంతా నేనేనా?"

తిప్పవ్వ దాని చుట్టూ తిరిగి చూసింది. "పుట్టినప్పటి నుంచీ నీళ్ళలోనే ఉన్నానే తల్లీ. ఒక్క ఒంటి మీద ఇన్ని తీర్లు నేనెన్నడూ చూడలేదు."

తర్వాత ముక్కుతో ఒక్కో పాయా పట్టి, మొదట్లో ఉన్న జిడ్డును కొసదాకా దువ్వింది. "తిన్నని బొచ్చు మీద జిడ్డు తనంతట తానే జారుతుంది. నీది మలుపుల దారి కదా, మొదట్లోనే ఆగిపోతుంది. అందుకే కొసలు ఎండిపోతాయి, పొడిగా లాగితే తెగుతాయి. చిక్కు తీయాలంటే తడి మీదే తీయాలి, కొస నుంచి మొదలుకు."

ఇంతలో వానలు పట్టుకున్నాయి. వాగు పొంగి నక్క అవతలి ఒడ్డునే చిక్కుకుంది. రెండు నెలలు తిప్పవ్వ చెప్పినట్టే చేసేసరికి కాటుక మెడ మళ్ళీ నిండింది.

వాగు పొంగు తగ్గిన రోజు కాటుక స్నానం చేసి ఒడ్డెక్కుతుంటే అవతల నుంచి నక్క పిలిచింది. "కుదిరిందా కోడలు పిల్లా?"

కాటుక తడి మెడ చాచి చూపించింది. "నీ చలవే మామా! ఎంత తిన్నగా సాగిందో చూడు."

"భేష్! గుట్ట మలుపుకి రా, మిగతా విద్య కూడా నేర్పుతా."

"ఒళ్ళు ఆరనీ మామా, వస్తా."

ఆ మాట విన్న తిప్పవ్వ, మందను కాసే కుక్క దగ్గరికి దబదబా నడిచింది.

కాటుక ఎండలో ఆరింది. ఆరేకొద్దీ మెడ మీది బొచ్చు చుట్లు చుట్టుకుని, పొట్టిబడి, పిడికెడు మందాన పొంగింది. మలుపు దగ్గరికి వెళ్ళగానే పొదలోంచి నక్క ఎగిరి మెడ అందుకుంది. పన్ను చర్మం దాకా పోలేదు. లాగితే బొచ్చు సాగింది, వదిలితే చటుక్కున ముడుచుకుంది. ఉంగరాలు పళ్ళకు చుట్టుకుపోయాయి.

"వదువు కోడవా!" అంది నక్క నోటినిండా బొచ్చుతో.

"నేను పట్టుకుంటే కదా మామా, వదలడానికి!"

కుక్క మొరుగుతూ రానే వచ్చింది. నక్క ప్రాణాలకు తెగించి తల గుంజుకుని, ముందుపళ్ళు రెండు ఆ ఉంగరాల్లోనే వదిలేసి గుట్ట దాటి పరిగెత్తింది.

తన తీరు తానెరగనివాళ్ళకు, పళ్ళు నూరుకునేవాడు కూడా మేలుకోరేవాడిలాగే కనిపిస్తాడు.