మూడో మలుపు దగ్గర కాసేపు

ఒక కొండ. కొండ మీద ఒక దీపం. ఆ దీపానికి ఒక మనిషి. ఆ మనిషికి ఒక గాడిద.

గాడిద అనగానే వెనక వరసలో ఎవరో నవ్వారు. నవ్వండి, తప్పేం లేదు. దాన్ని చేసిన స్వామి కూడా చెవుల దగ్గరికి వచ్చేసరికి నవ్వుకునే ఉంటాడు, ఆ నవ్వులో చేయి జారి అవి అంత పొడుగు సాగి ఉంటాయి. ఆ చెవుల్ని మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి. కథ వాటిలోనే ఉంది.

కొండ కింద ఉప్పుటేరు. పొద్దు వాలితే ఏటి మీద నీళ్లేవో, ఒడ్డేదో తెలిసేది కాదు. కొండ మీద దీపం వెలిగాక దానివైపు తిరిగి పడవలు ఇంటికి వచ్చేవి. దీపాన్ని చూసినవాళ్లు వేలమంది. దీపం పెట్టేవాణ్ణి చూసేది మాత్రం ఆ గాడిద ఒక్కతే. ఆయనకు భార్య లేదు, బిడ్డ లేదు, పక్కిల్లు లేదు. కొండ మొదట్లో ఒక గది, గదికి ఒక తలుపు. అంతే.

గాడిదను ఆయన ‘అమ్మీ’ అని పిలిచేవాడు. సంతకు తీసుకెళ్తే అది మర్యాదగా నడిచేది. ఎవరైనా తండ్రి కొడుకును ‘గాడిదా!’ అన్నాడనుకోండి, అది ఆగి, తలతిప్పి, ‘ఏం పని?’ అన్నట్టు చూసేది. దాంతో ఆ చుట్టుపక్కల తండ్రులు కొడుకుల్ని తిట్టాలన్నా అటూ ఇటూ చూసుకుని తిట్టాల్సి వచ్చింది.

రోజూ జరిగేది ఒకటే. పొద్దు వాలేవేళకు దాని వీపు మీద గోనె వేసి, ఒక పక్క నూనె కుండ, ఒక పక్క నీళ్ల కుండ కట్టేవాడు. మెడ మీద చరిచి ‘పద’ అనేవాడు. ఒక చెవి లేచేది. లేచిందంటే విన్నానని. అది ముందు కదిలేది. ఆయన వెనక తలుపు దగ్గరగా వేసి, వత్తులనూ అగ్గిపెట్టెనూ తువ్వాలు కొసకు ముడేసుకుని బయలుదేరేవాడు.

కొండదారికి ఏడు మలుపులు. మూడో మలుపులో నేరేడు చెట్టు. అది అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, ఒక్కసారి వెనక్కి చూసి మళ్లీ నడిచేది. ఆయన ఏనాడూ దాన్ని అక్కడ అందుకోలేదు. పైకి చేరేసరికి అది దీపం పెట్టే రాతిగూటికి ఎడమ పక్కన నిలబడి దారివంక చూస్తూ ఉండేది. అప్పుడు ఆయన దీపం వెలిగించేవాడు. ఇట్లా ఇరవై రెండేళ్లు.

ఇక్కడ ఇంకొక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఆ దేశంలో దీపం ఆరిపోయింది అనరు. కొండెక్కింది అంటారు. మీరూ అంటారు, నేనూ అంటాను. ఇంట్లో నూనె లేకపోతే నిండుకుంది అంటారు. లేదనే మాటను మన పెద్దలు ఎందుకో నోటిమీదికి రానివ్వలేదు. మామూలు ఇళ్లలోనే ఇంత పట్టింపు ఉంటే, దీపం పెట్టేవాడి ఇంట్లో ఎంత ఉండాలి? ‘ఆరిపోయింది’ అన్నవాణ్ణి ఆయన గడప తొక్కనిచ్చేవాడు కాదు.

ఒకరోజు గోనె వేయబోతే గాడిద మోకాళ్ల మీద కూలింది. లేవబోయింది. లేవలేకపోయింది.

పశువుల వైద్యుడు వచ్చాడు. కనురెప్ప ఎత్తి చూశాడు, పొట్ట మీద చెవి పెట్టి విన్నాడు, లేచి చేతులు కడుక్కున్నాడు.

‘‘నొప్పి తెలియకుండా ఉండటానికి మందిస్తాను. దాని వయసుకు మందు నా సంచిలో లేదయ్యా’’ అన్నాడు.

‘‘సంచి మళ్లీ వెతకండి’’ అన్నాడు దీపమాయన.

వైద్యుడు మంచివాడు. నిజంగానే ఇంకోసారి వెతికాడు. వెతికి, సంచి మూసి వెళ్లిపోయాడు.

ఆ రోజు ఆయన గాడిద తల దగ్గర ఒక ప్రమిద పెట్టాడు. పెట్టి, కొండవైపు తిరిగి దణ్ణం పెట్టాడు. ‘‘స్వామీ, నీ దీపాన్ని ఇరవై రెండేళ్లు నేను కొండెక్కనివ్వలేదు. నా దీపాన్ని నువ్వు కొండెక్కనివ్వకు. ఇది వెలిగినన్నాళ్లు ఇది ఉండాలి.’’

మొదటి ‘ఇది’ ప్రమిద, రెండో ‘ఇది’ గాడిద. స్వామికి అర్థమయ్యే ఉంటుంది.

ఇక చూడండి ఆయన అవస్థ. వత్తి ఎగదోయడం, నూనె పోయడం, గాలి వస్తే రెండు చేతులూ అడ్డం పెట్టడం. సాయంత్రం కుండ భుజాన వేసుకుని ఏడు మలుపులూ పరిగెత్తడం, వెలిగించీ వెలిగించకముందే దిగి రావడం. తిండి లేదు, కన్ను మూసింది లేదు. చెట్టుకింద ఆగడమన్నది అసలే లేదు.

పడవవాడొకడు చేపల బుట్ట దించుకుంటూ లోపలికి తొంగిచూశాడు.

‘‘గాడిదకు అఖండదీపమా! మా అత్త పోయేముందు కూడా పెట్టలేదు కదయ్యా మేము!’’

‘‘పెట్టి ఉంటే మీ అత్త ఇంకో రెండు రోజులుండేది’’ అన్నాడాయన చూపు తిప్పకుండా.

‘‘అమ్మో, అందుకే పెట్టలేదులే’’ అని వాడు నవ్వబోయాడు. ఆయన ముఖం చూసి, నవ్వు మధ్యలోనే మింగేసి, గడప దగ్గర నాలుగు చేపలు పెట్టి పోయాడు.

ఇదంతా ఒక ఎత్తు. ఆయన ఇంకొక పని చేసేవాడు. గాడిద కాస్త చల్లగా కళ్లు మూసుకుందంటే చాలు, పోయిందేమోనని ఆయనకు భయం. వంగి, చెవి దగ్గర ‘‘అమ్మీ, పద’’ అనేవాడు. చెవి లేచేది. హమ్మయ్య అనుకునేవాడు. కాసేపటికి మళ్లీ భయం. మళ్లీ ‘‘పద.’’ మళ్లీ చెవి. పొద్దున లేచినంత పైకి మధ్యాహ్నం లేచేది కాదు, అయినా లేచేది. ఎన్నిసార్లు పిలిచాడో ఆయనకే తెలియదు.

తొమ్మిదో రోజు గానుగ అవ్వ వచ్చింది. దీపానికి నూనె తెచ్చిచ్చేది ఆవిడే. చూపు మసక, నోరు మాత్రం చురుకు. కుండ దించి చతికిలబడింది.

‘‘నూనె నిండుకుంది నాయనా. ఉన్నది ఇంతే. కొత్త నువ్వులు ఎల్లుండికి గానీ రావు. ఇది పైదీపానికి సరిపోతుంది. కిందదానికి చాలదు.’’

‘‘సగం సగం చేస్తానవ్వా.’’

‘‘సగం నూనెతో పైది తెల్లారేదాకా ఉంటుందా? ఏటి మీద పడవలేమవుతాయి?’’

ఆయన గాడిదవైపు తిరిగాడు. గాడిద కళ్లు మూతపడుతుంటే అలవాటు కొద్దీ వంగి ‘‘అమ్మీ, పద’’ అన్నాడు. చెవి వేలెడంత లేచి, వణికి, వాలిపోయింది.

అవ్వ అటు చెవి ఒగ్గింది. ‘‘ఎందుకట్లా పిలుస్తావు దాన్ని?’’

‘‘ఉందో లేదో తెలియాలిగా.’’

‘‘అది నీకు తెలియడానికి. మరి దానికి? పుట్టి బుద్ధెరిగిన కాడినుంచి నీ మాట ఒక్కటే విన్నది. పద అంటావు. లేవాలనుకుంటుంది. లేవలేదు. చెవి ఒక్కటన్నా లేపుతోంది పాపం, నీ మాట పోకుండా. రోజుకు నూరుసార్లు కొండెక్కిస్తున్నావు నాయనా, పడుకున్నదాన్ని.’’

ఆయన చేతిలోని నూనె గరిటె అట్లాగే ఆగిపోయింది.

ఎండ గడప దాటి లోపలికి వచ్చింది, గాడిద డెక్కల దాకా వచ్చి, వెనక్కి మళ్లింది.

‘‘మరేమనాలవ్వా?’’ అన్నాడు చివరికి.

‘‘ఏమీ అనకు. కూర్చో.’’

కూర్చున్నాడు. కూర్చోవడం చిన్న పని అనుకుంటాం గానీ, తొమ్మిది రోజుల్లో ఆయన చేసిన పనులన్నిటిలో ఇదే బరువైనది. దాని కళ్లు మూతపడ్డాయి. ‘పద’ గొంతుదాకా వచ్చింది. మింగాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ మింగాడు. పిలవడం మానేశాక గదిలో ఒక చప్పుడు వినిపించింది. అది దాని ఊపిరి. మెల్లగా, ఆగి ఆగి, నేరేడు చెట్టుకింద తీసుకునే ఊపిరిలాగే ఉంది. తొమ్మిది రోజులుగా అది అక్కడే ఉంది. ఈయనే తన గొంతుతో దాన్ని కప్పేశాడు.

చేయి దాని వీపు మీద వేశాడు. గోనె ఒరిసిన చోట రెండు పక్కలా వెంట్రుకలు రాలి చర్మం నున్నబడి ఉంది. తన భుజం తడుముకున్నాడు. కుండ ఒరిసి అక్కడా ఎర్రగా లేచింది. తొమ్మిది రోజులకే.

పొద్దు వాలింది. గాడిద కళ్లు తెరిచి తలుపువైపు చూసింది.

ఆయనకు అర్థమైంది. వేళయింది. దానికి వేళ తెలుసు.

లేచాడు. నూనె అంతా పైదీపం కుండలోనే ఉంచాడు, ప్రమిదలో ఒక్క చుక్క పోయలేదు. వత్తులనూ అగ్గిపెట్టెనూ తువ్వాలుకు ముడేసుకున్నాడు. తర్వాత దాని దగ్గర కూర్చుని, మెడలోని తాడు విప్పాడు. మెడ మీద చరిచాడు, ఎప్పటిలాగే, గట్టిగా కాదు, మెత్తగా కాదు.

‘‘అమ్మీ, నువ్వు పద. నేను తలుపేసుకుని వస్తాను’’ అన్నాడు.

అవ్వ ఉలిక్కిపడి తిట్టబోయి, ఆ గొంతు విని ఊరుకుంది. అది ఇందాకటి మాట కాదు. అక్షరాలు అవే, అంతే.

చెవి లేచింది. ఈసారి పూర్తిగా లేచింది.

ఆయన తలుపు వేయలేదు. బార్లా తీసిపెట్టి, కుండ భుజాన పెట్టుకుని నడిచాడు. పరిగెత్తలేదు. పైకి చేరాక గూట్లో మూకుడు తుడిచి, నూనె పోసి, వత్తి వేసి వెలిగించాడు. దూరంగా ఏటి మీద నల్లటి చుక్కలు ఒక్కొక్కటే ఇటువైపు తిరిగాయి.

అప్పుడు కింద నుంచి అవ్వ కేక వినిపించింది.

‘‘కొండెక్కింది నాయనోయ్! కొండెక్కిందీ!’’

ఆ మాట ఆయన పుట్టినప్పటినుంచీ వింటున్నాడు. ఎన్ని వేలసార్లు విన్నాడో. అయినా చూడండి, ఆ క్షణాన ఉన్నది ఉన్నట్టుగానే విన్నాడు. గబుక్కున దారివైపు తిరిగాడు. ముఖం విప్పారింది. గూటికి ఎడమ పక్కన తన తువ్వాలు పరిచి ఉంటే, దాన్ని తీసి చోటిచ్చి, తను కుడి పక్కకు జరిగాడు.

దారి మీద ఎవరూ లేరు. గాలి ఒక్కటి మలుపు తిరిగి పైకి వచ్చింది. దీపం అటు వంగి, మళ్లీ నిలబడింది.

పొరపాటు ఆయనకు తెలిసింది. తెలిసినా, ఇచ్చిన చోటు వెనక్కి తీసుకోలేదు. రోజూ ఎంతసేపు కూర్చునేవాడో అంతసేపు, కుడి పక్కనే కూర్చుని దిగి వచ్చాడు.

గడప దగ్గర అవ్వ కంగారుగా నిలబడి ఉంది. ‘‘గాలి విసురుకు నాయనా. నేను ప్రమిద సంగతే చెప్పాను. గాడిద సంగతి నాకు ఆనలేదు. ఈ కళ్లతో...’’

‘‘సరిగ్గానే చెప్పావవ్వా.’’

లోపల ప్రమిదలో వత్తి కొస నల్లగా మాడి ఉంది. గాడిద మెడ చాచి, తల తలుపువైపు పెట్టి పడుకుని ఉంది. రెండు చెవులూ గడ్డి మీద వాలి ఉన్నాయి. ఆయన వంగాడు. దాని నుదుటి మీద చేయి పెట్టాడు. పిలవలేదు.

తర్వాత బయటికి వచ్చి, రోజూ అది ముందు వెళ్లాక వేసేవాడే, అట్లాగే తలుపు దగ్గరగా వేశాడు.

మర్నాడు పొద్దున ఎవరూ పిలవకుండానే పడవవాడు పార భుజాన వేసుకుని, ఇంకో నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. ‘‘ఎక్కడ?’’ అని మాత్రం అడిగాడు. ‘‘మూడో మలుపు’’ అన్నాడాయన. వాడు ఆ రోజంతా ఒక్క ఎగతాళి మాట ఆడలేదు. వాడికది ఉపవాసం లాంటిది.

ఇది ఎప్పటి మాటో. ఏటి మీద వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఒక సంగతి చెప్పుకుంటారు. కొండ మీద దీపం అప్పట్నుంచి రోజూ కాస్త ఆలస్యంగా వెలుగుతోందట. పెద్ద ఆలస్యమేం కాదు. నేరేడు చెట్టుకింద ఒక గాడిద ఆగి, ఊపిరి తీసుకుని, ఒక్కసారి వెనక్కి చూసేంత.